మెట్టసీమలో సైకిలు యాత్ర

యాత్ర యనగానే మన స్త్రీలకు కాశియు, రామేశ్వరమును, తిరుపతియు స్ఫురించును. నెల దినములు ముందుగా పైకము కూడబెట్టవలయును. రైలులో తావు చూచుకొనవలయును. పాలవానికిని పొరుగువారికిని చెప్పి యింటికి తాళము వేయవలయును. ఇంత సన్నాహ మక్కరలేకుండ, కోడి కూయగానే బయలుదేరి ప్రొద్దు వాలక ముందే యిల్లు చేరదగిన యాత్రయు నొకటి కలదు. కొన్ని సంవత్సరములుగా మేమట్టి యాత్రలు చేయుచున్నాము. వానికి వలయునవి రెండే: ఒక సైకిలు, సందడి లేని బాట. ఇందు మొదటిదానిని స్వాధీనము చేసికొనుటకు మాకు కొంత శ్రమ కలిగినది గాని, రెండవదానికి మా అనంతపురసీమలో కొరత యేమియు లేదు.

"ఈ కరవుసీమలో చూడదగిన దేమున్నది?" అని కృష్ణా గోదావరీ తీరములనుండి వచ్చు బంధువులు మమ్మడుగుచుందురు. రైలు కిటికీలోనుండి చూచిపోవువారి కట్లే తోచును. ఎఱ్ఱనేలలు, ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు గుండ్ల గుట్టలు, ముండ్లతుమ్మలు, ఇసుక మిగిలిన వంకలు - ఇవియే వారి కగపడును. ఈ సీమలో సంవత్సరమునకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరృతి ఋతుపవనమునకు పడమటి కనుమలు అడ్డమగుట చేతను, ఈశాన్య ఋతుపవనము సముద్రతీరమునుండి ఇంత దూరము వచ్చునప్పటికి బలము తగ్గుట చేతను, ఈ మెట్టసీమ రెండు దిక్కుల మేఘములకును దూరపు చుట్టమైనది. అయినను నీరు తక్కువయిన చోటనే నీటిని గూర్చిన తెలివి యెక్కువగా నుండును. ఆ తెలివి చెరువుకట్టలై, తూములై, కోనేళ్ళై బాటల ప్రక్కల నిలిచియున్నది. దానిని చూచుటకు సైకిలును మించిన వాహనము లేదు. నడచువారికి దూరము సాగదు. మోటారులో పోవువారికి చూపు నిలువదు.

మేము నేర్చుకొన్న విధము

మేము సైకిలు నేర్చుకొన్నది విహారము కొరకు గాదు. మా యింటివారు ఉపాధ్యాయులుగా నుండు పల్లెలో ఎనిమిదవ తరగతి వరకే బడి కలదు. తొమ్మిదవ తరగతి చదువవలెనన్న అయిదు కిలోమీటర్ల దూరమున నున్న ఊరికి పోవలయును. బస్సు వేళలు బడి వేళలతో కలియవు. ప్రభుత్వమువారు 'బడికొస్తా' యను పథకము క్రింద బాలికలకు సైకిళ్ళు పంచిన కాలమది. ఆ యేడు ఎనిమిది ముగించి పై తరగతిలో చేరిన నలుగురు బాలికలకును సైకిళ్ళు వచ్చినవి; తల్లులకు మాత్రము ధైర్యము రాలేదు. నడుమ నొక వంక, వంక కిరుప్రక్కల తుమ్మచెట్లు, మనుష్యసంచారము తక్కువ. వారిలో నొకామె మా వాకిట నిలిచి, "ఒంటి దావలో ఆడబిడ్డను ఎట్ల పంపేదమ్మా? మీ బిడ్డయితే మీరు పంపుతారా, అయ్యవారమ్మా?" అని యడిగెను.

మేము చిన్ననాడు తండ్రిగారి యొద్ద కావ్యములు చదువుకొంటిమి. శకుంతల అడవిదారిని అత్తవారింటికి పోవునప్పు డామెకు తోడుగా శిష్యుల నంపిన తండ్రిని గూర్చి యెరుగుదుము. కాని ఆ తల్లి ప్రశ్నకు మా చదువులో జవాబు దొరకలేదు. "మేమును వారితో కూడ వత్తుము" అనుట యొక్కటే జవాబుగా తోచినది. అని యూరకుండిన చాలదు గదా! సాయంకాలము బడి వదలిన తరువాత ఆ బాలికలే మాకు సైకిలు నేర్పిరి. ముప్పది దాటిన వయస్సున బడి మైదానమున పడుచు లేచుచు పది దినములు గడపితిమి. మోకాలు దోగినది, చేతిగాజులు పగిలినవి, అరుగుల మీద కూర్చున్నవారికి కొంత వినోదము కలిగినది. పదునొకండవనాడు పడలేదు. అటుపిమ్మట నొక నెల దినములు ఉదయమున వారితో పోయి, సాయంకాలము మరల పోయి వెంటబెట్టుకొని వచ్చితిమి. నెల గడచునప్పటికి బాటకు వారలవాటైరి. వంక దగ్గర మేకలు కాచు ముసలివాడు వారి పేర్లు నేర్చుకొనెను. ఇక మా తోడు వారికక్కర లేకపోయెను.

ఆ మరుసటి యేడు ముంగారి వానలు తప్పినవి. వేరుసెనగ ఊడలు దిగు వేళకు నేల బండవలె గట్టిపడెను. మమ్మా ప్రశ్న యడిగిన తల్లి కుటుంబము బెంగుళూరికి కూలికి వలసపోయెను. పదవ తరగతిలో నున్న పెద్దకూతురు చదువు మాని వెంటపోయెను. పోవునాడు ఆ బాలిక సైకిలును మా పంచలో నిలిపి, "తుప్పు పట్టకుండా అప్పుడప్పుడు తొక్కుతాండండమ్మా. మళ్ళా వస్తాం" అని చెప్పెను. ఆ మాట చొప్పున దానిని తొక్కుట మొదలిడి, ఆదివారములయందు మా యింటివారితోను, అదే బడిలోని యొక ఉపాధ్యాయినితోను కలిసి చుట్టుప్రక్కల యూళ్ళు చూడసాగితిమి. దూరపుటూళ్ళకు పోవలసివచ్చినపుడు సైకిళ్ళను లగేజి ఆటోలో వేసికొని సగము దారి పోయి, అక్కడినుండి తొక్కుదుము.

నేల వాలును గాలి పోకడయు

సైకిలెక్కువారు మొదట తెలిసికొనవలసినది నేల వాలు. 1882లో బళ్ళారి జిల్లానుండి వేరుపడిన అనంతపురము జిల్లా 2022లో రెండై, దక్షిణభాగము పుట్టపర్తి ముఖ్యపట్టణముగా శ్రీ సత్యసాయి జిల్లా యైనది. ఈ రెండు జిల్లాల నేలయు దక్షిణమున మిట్టయై ఉత్తరమునకు క్రమముగా వాలుచుండును. హిందూపురము సముద్రమట్టమునకు సుమారు 2,000 అడుగుల యెత్తున నుండగా, అనంతపురము సుమారు 1,100 అడుగులు మాత్రమే. కర్ణాటకమందలి నంది కొండల ప్రాంతమున పుట్టిన పెన్నయు చిత్రావతియు ఈ వాలు వెంబడినే ఉత్తరముగా పారి, పిదప తూర్పునకు తిరుగును. కావున దక్షిణమునుండి ఉత్తరమునకు పోవు బాట మోకాళ్ళకు సులభము. తిరుగుదారిలో శక్తి నిలువ యుంచుకొనవలయును.

రెండవది గాలి. జ్యేష్ఠమునుండి శ్రావణము వరకు పడమటిగాలి యెడతెగక వీచును. రామగిరి కొండలపై గాలిమరలు నిలువుట కదియే కారణము. ఆ దినములలో ఉదయమున గాలి కెదురుగా పోయి, అలసిన తరువాత గాలి వెన్నుదట్టుచుండగా తిరిగి వచ్చునట్లు దారి నేర్పరచుకొనవలయును. యాత్రకెల్ల నుత్తమ కాలము కార్తికము మొదలు మాఘము వరకు. చైత్ర వైశాఖములలో 40 డిగ్రీలు దాటు ఎండలో సాహసము చేయరాదు.

మొదటి బాట: హిందూపురము - లేపాక్షి - వీరాపురము

హిందూపురమునుండి లేపాక్షికి సుమారు 15 కిలోమీటర్లు. సెలవుదినములలో ఈ బాట కార్లతో నిండును గనుక తెల్లవారకమునుపే బయలుదేరుట మేలు. దారి కిరువైపుల మల్బరీ తోటలు, చింతమ్రాకులు కనుల పండువుగా నుండును. హిందూపురపు సంతలలో చింతపండును పట్టుగూళ్ళును ఏల పేరుపొందినవో ఈ బాటయే చెప్పును.

లేపాక్షి చేరువారి కెదురుగా మొదట ఏకశిలానంది కానవచ్చును. పొడవు సుమారు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. మెడలోని గంటల పేరును, వీపు మీది వస్త్రమును శిల్పి యెంత మెత్తగా చెక్కెననగా, సైకిలు దిగి నిలిచినవారికి ఆ యెద్దు ఇప్పుడే మేత మేసి కూర్చున్నట్లు తోచును. కూర్మశైలమను చిన్నగుట్టపై నున్న వీరభద్రాలయమును 16వ శతాబ్దమున, అచ్యుతదేవరాయల కాలమున, విరుపణ్ణ విరణ్ణ లను సోదరులు కట్టించిరి. వ్రేలాడు స్తంభము క్రిందుగా పైటచెంగు దూర్చి లాగని స్త్రీ యుండదు. మేమును లాగితిమి. గాని మన పాఠకురాండ్రు తలయెత్తి కప్పువైపు చూడవలెనని మా మనవి. అక్కడ వ్రాసిన చిత్రములలోని స్త్రీల చీరల యంచులు, అడ్డచారలు, పూలబుటాలు చూచిన చాలును; నాలుగు వందల యేండ్లకు పూర్వము మన నేతగాండ్ర మగ్గములపై నేమేమి నేసిరో అదియంతయు నచ్చట కలదు. నేడును నేతవస్త్రముల మీద లేపాక్షి యంచులని వాడుకలో నున్నవి వీనినుండి తీసినవే.

కల్యాణమంటపము సగములో నిలిచియున్నది. రాజుగారి సొమ్మును అనుమతి లేక వ్యయపరచెనను నేరము విరుపణ్ణపై పడెననియు, రాజు దండింపకముందే యతడు తన కన్నులు తానే పెరికి గోడకు కొట్టెననియు స్థలకథ. గోడపై ఎఱ్ఱని మచ్చలను చూపుచుందురు. నెలసరి జీతములో ఇంటిలెక్క వ్రాసికొను మనవంటివారికి ఆ కథలోని భయము సులువుగా తెలియును. దగ్గరనే బండపై చెక్కిన కంచములు కొన్ని గలవు. శిల్పు లందే భోజనము చేసిరందురు. అంతటి ఆలయమును చూచి వచ్చిన తరువాత మా కన్నుల ముందు తరచుగా నిలుచునవి ఆ రాతికంచములే. అన్ని చేతులకు అన్ని నెలలు సంగటి వండిపెట్టిన యాడువారి పేళ్ళు ఏ శాసనమునను లేవు గదా!

లేపాక్షి చూచిన పిదప చిలమత్తూరు మండలమందలి వీరాపురమునకు పోవచ్చును. ప్రతి సంవత్సరము శీతకాలము చివర ఎఱ్ఱకాళ్ళ కొంగలు ఈ యూరి చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వానలు ముదిరిన తరువాత వెడలిపోవును. జనులు వానిని సైబీరియా కొంగలందురు గాని యవి మన దేశపు పక్షులే. వాని రెట్టలకు, అరుపులకు విసుగుకొనక, గూటినుండి జారిన పిల్లలను కాపాడుచు, పురిటికి పుట్టినింటికి వచ్చిన ఆడుబిడ్డలవలె గ్రామస్థులు వానిని చూచుకొనుచున్నారు. చెరువులలో నీరున్న యేడు చేపలుండును. చేపలున్న యేడు కొంగలు నిండుగా వచ్చును. ఆ యూరివారికి పంచాంగము చెట్లమీదనే కలదు.

రెండవ బాట: పెనుకొండ - బుక్కపట్నము - పుట్టపర్తి

పెనుకొండ వద్ద 44వ నంబరు జాతీయ రహదారి పోవుచున్నది. దానిమీద సైకిలు తొక్కరాదు. లారీల గాలికే సైకిలు ప్రక్కకు తొలగును. సమీపమున ఎఱ్ఱమంచి యొద్ద 2019లో కార్ల కర్మాగారము పని మొదలిడినది మొదలు ఆ వైపు సందడి హెచ్చినది. ఊరిలోనికి మరలిన వెంటనే కాలము నాలుగు శతాబ్దములు వెనుకకు పోవును. 1565లో రాక్షసితంగడి యుద్ధము పిదప తిరుమలరాయలు సదాశివరాయలను వెంటబెట్టుకొని ఈ దుర్గమునకే వచ్చెను. విజయనగరమునకు తరువాత ఇదియే రాజధాని యయ్యెను. కొండ పాదమున గగనమహలు, వీథులలో పార్శ్వనాథుని జైనబసది, బాబయ్య దర్గా, షేర్‌ఖాను మసీదు, రామాలయ శివాలయములు అన్నియు ఒక ఉదయమున చూడనగును. పూర్వకాలమున నీ యూర 365 దేవాలయములుండెనని వృద్ధులు చెప్పుదురు. సైకిలును క్రింద నప్పగించి కొండ నెక్కువారు నీరు వెంట గొనిపోవలయును.

ఇచ్చటినుండి కొత్తచెరువు మీదుగా బుక్కపట్నమునకు పోవు బాట మాకు మిక్కిలి ప్రియమైనది. గుట్టల నడుమ వంపులు తిరుగుచు పోవు నీ బాటలో ఆశ్వయుజమున సీతాఫలముల వాసన వచ్చుచుండును. బుక్కపట్నపు చెరువు చిత్రావతి నీటి నాధారముగా విజయనగర రాజ్యారంభమున, బుక్కరాయల పేరిట నేర్పడినది. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు అనంతపురము చెరువును కట్టించెను. ధర్మవరపు చెరువును క్రియాశక్తి ఒడెయరు త్రవ్వించి తల్లి ధర్మాంబ పేరు ఊరికి పెట్టెనందురు. ప్రక్క కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువు శాసనము 1369 నాటిది. దినమునకు 1,000 మంది కూలీలు, 100 బండ్లు, రెండు సంవత్సరములు పని చేసినట్లును, మంచి చెరువునకు వలయు 12 అంగము లేవియో అందు చెక్కియున్నది. ఈ విధముగా ఈ సీమలో ఇన్ని కట్టలు లేచినవి.

కట్టమీద సైకిలాపి, ఒకప్రక్క నీటిని, మఱియొకప్రక్క వరిమడులను చూచుట ఒక భాగ్యము. నీరు లేని యేడు ఒకప్రక్క బీటలువారిన ఒండ్రు, మఱియొకప్రక్క బీడు, అదియు చూడవలసినదే. చెరువు నిండి మరువ పారినచో ఊరివారు గంగమ్మకు పూజచేసి పసుపుకుంకుమలు, చీర సమర్పించుదురు. మరువ పారుట నీ తరమువారెంతమంది చూచిరని లెక్కించుకొను యూళ్ళు ఈ సీమలో కలవు. ఇటీవలి కాలమున హంద్రీ-నీవా కాలువగుండ శ్రీశైలమునుండి కృష్ణాజలము గొల్లపల్లి జలాశయము వరకు వచ్చినది. దారిలో కొన్ని యూళ్ళలో సత్యసాయి ట్రస్టువారి కొళాయిలు కానవచ్చును. 1990ల నడుమ వందలాది గ్రామములకు త్రాగునీరిచ్చిన పథకమది. బుక్కపట్నమునుండి పుట్టపర్తి చేరువకే యుండుటచే అక్కడ విశ్రమించి తిరిగి రావచ్చును.

ఓపికయున్నవారు మఱియొకనాడు ధర్మవరము పోయి పట్టుమగ్గముల చప్పుడు వినుచు, సమీపమున నున్న నిమ్మలకుంటను చూడవలయును. అది తోలుబొమ్మలవారి యూరు. మేకతోలును పలుచగా గీకి, సన్నని రంధ్రములు గొట్టి, రంగులు వేసి రామాయణ భారత పాత్రలను నిలుపుదురు. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము లభించినది. ఆట చూచువారు తగ్గినందున నేడు దీపపుగుడ్డలును, గోడబొమ్మలును చేయుచు కళను నిలువబెట్టుకొనుచున్నారు.

మూడవ బాట: కదిరి - కటారుపల్లి - తిమ్మమ్మ మర్రిమాను

కదిరి నరసింహస్వామి దర్శనము చేసికొని, మల్లెపూలు కొని, తూర్పుగా కొండల వైపు మరలినచో కటారుపల్లి వచ్చును. వేమన యిచ్చట సమాధి పొందెనని ప్రసిద్ధి. మన యింట పిల్లలకు మొదట నోట పట్టించు పద్యములు చెప్పినవాడు ఇంత నిరాడంబరమైన పల్లెలో నుండుట తగియే యున్నది. కడపలో ఉద్యోగము చేసిన బ్రౌను దొర ఆ పద్యములను వెదకి, ఆంగ్లానువాదముతో 1829లో అచ్చు వేయించెను.

కదిరికి సుమారు 25 కిలోమీటర్ల దూరమున గూటిబయలు వద్ద తిమ్మమ్మ మర్రిమాను కలదు. దూరమునుండి తోపువలె కనబడును. దగ్గరకు పోయినగాని యొక్కటే చెట్టని తెలియదు. దాని కొమ్మలు 4 ఎకరములకు మించి వ్యాపించియున్నవి. 1989లో గిన్నిస్ పుస్తకమున నెక్కినది. వ్యాధిగ్రస్తుడైన భర్తకు సేవచేసి, 1434లో అతనితో సహగమనము చేసిన తిమ్మమ్మ చితికి నాటిన గుంజ చిగిర్చి యీ వృక్షమైనదని స్థలపురాణము. ఆ యాచారమును ప్రభుత్వము 1829లో నిషేధించినది. ఊడల నడుమ కూర్చుండి యా కథ విన్నపుడు మాకు నమస్కరించుటకంటె ముందు దుఃఖము కలిగినది. ఆమె నిప్పును గాక, ఆమె పేర ఇన్ని వందల యేండ్లుగా బాటసారులకు దొరకుచున్న నీడను జ్ఞప్తియందుంచుకొందమని మాలో మేమనుకొంటిమి.

ఈ బాటలోనే మాకొక చిక్కు కలిగినది. సర్కారుతుమ్మ ముల్లు దిగి ముందుచక్రము పంచరయ్యెను. 19వ శతాబ్దపు చివర అమెరికా ఖండమునుండి తెచ్చి మన సీమలో నాటించిన యీ తుమ్మ, పొయ్యికి కట్టెలిచ్చును, సైకిలుకు కష్టమిచ్చును. మా యొద్ద పంపు కలదు గాని అతుకు వేయు సొల్యూషను ఎండిపోయియుండెను. ఎండలో మూడు కిలోమీటర్లు నెట్టుకొని నడచితిమి, సీసాలోని నీరయిపోయెను. ఒక గుడిసె ముందు పల్లెటూరి అవ్వ కూర్చుండియుండెను. "యాడికి పోతాండారు తల్లీ, ఇంత ఎండకు? సైకిలు మీద ఆడోళ్ళు వస్తాండారే!" యని నవ్వి లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చెను. బిందె వంచిన చప్పుడు మాకు వినబడినది. అడుగు నీళ్ళని తెలిసినది. వద్దన్నను వినక, "నీళ్ళడిగినోళ్ళకు లేదనగూడదు. మాకు లేనినాడు ఎవురో ఒకరు ఇస్తారులే" యనెను. ఈ సీమ చరిత్రలో 1876-78 నాటి ధాత కరవును గూర్చి చదివియుంటిమి. జనులు కరవులను దాటి యెట్లు బ్రదికిరో ఆ చెంబెడు నీళ్ళవలన తెలిసినంతగా పుస్తకము వలన తెలియలేదు.

బయలుదేరువారికి కొన్ని సూచనలు

నడిమి బద్ద లేనిదియు, చైనుకు కవరున్నదియు నగు సైకిలు మనకు తగినది. చీరయైనచో కుచ్చెళ్ళు పైకి దోపుకొనవలయును. చుడీదారైన మఱింత మేలు. పెడలు క్రిందికి వచ్చినపుడు కాలు ఇంచుమించు తిన్నగా చాగునట్లు సీటు అమర్చినచో మోకాళ్ళు నొవ్వవు. మిట్టయెక్కునపుడు ఆయాసము తోచిన దిగి నెట్టుకొనిపోవలయును. అందు సిగ్గుపడవలసినది లేదు. పల్లమున దిగునపుడు వెనుక బ్రేకును ముందుగా పట్టి, పిదప ముందు బ్రేకును మెల్లగా పట్టవలయును.

మనిషికి రెండు లీటర్ల నీరుండవలయును. మజ్జిగగాని, రాగి అంబలిగాని సీసాలో పోసికొనినచో బలము నిలుచును. జొన్నరొట్టె, ఊరిబిండి బట్టలో చుట్టుకొని పోయిన నొక పూట గడచును. తోవలో ఉగ్గాని బజ్జీలు దొరకని ఊరు ఈ సీమలో అరుదు. పంపు, అతుకులు, సొల్యూషను, మఱియొక ట్యూబు మరువరాదు. సొల్యూషను తడిగా నున్నదో లేదో ఇంటియొద్దనే చూచుకొనవలయును. మేము నేర్చుకొన్న పాఠమది.

కోతల కాలమున రైతులు ఉలవ, కొఱ్ఱ, రాగి పైరులను బండ్ల చక్రములక్రింద నలుగుటకై రోడ్డుమీద పరచుదురు. దానిమీద సైకిలు జారును. కాడలు చైనులో చుట్టుకొనును. దిగి నడచుట మనకు క్షేమము, వారి గింజకు మర్యాద. కుక్కలు వెంటబడినపుడు వేగము హెచ్చింపక దిగి సైకిలును అడ్డముగా పెట్టుకొని నిలిచిన నవి తగ్గును. ఒంటరిగా పోవక ఇద్దరు ముగ్గురు కలిసి పోవుటయు, పోవు దారిని ఇంట చెప్పి పోవుటయు మేలు. చీకటి పడకమునుపే ఇల్లు చేరవలయును.

ఇది యొక వినోదము మాత్రమేనా?

సైకిలు స్త్రీల కిచ్చినంత స్వేచ్ఛ వేరేదియు నీయలేదని అమెరికాదేశమున స్త్రీల వోటు హక్కునకై పాటుపడిన సుసాన్ ఆంథొనీగారు 1896లోనే చెప్పిరి. మన దగ్గరను అట్టి సంగతి జరిగినది. 1990ల మొదట తమిళనాటి పుదుక్కోట్ట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతో పాటు వేలకొలది పల్లె స్త్రీలు సైకిలు నేర్చుకొనిరి. చదువు నేర్చినవారు బస్సు కొరకు కాచియుండక, నీళ్ళకును, సంతకును, పనికిని తామే పోసాగిరి. 2006లో బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళీయగా, దూరపుటూళ్ళ బాలికలు ఉన్నత పాఠశాలలలో చేరుట యెక్కువైనదని పరిశోధకులు లెక్కలు కట్టి చూపిరి.

కాని సైకిలుండినంత మాత్రమున బాట తెరవబడదని మా పల్లెలోని యా తల్లి మాకు నేర్పినది. బాటమీద నలుగురు పెద్దయాడువారు తిరుగుచుండినగదా చిన్నపిల్లలకు భయము తీరును! మనము పెనుకొండకో లేపాక్షికో సరదాగా పోవునపుడు దారిపల్లెల తల్లులు మనలను చూచుచుందురు. "వాళ్ళు పోతాండారు, మన బిడ్డ పోతే ఏమి?" అను తలపు వారిలో నొకరికి కలిగినను మన యాత్రకు ఫలము దక్కినట్లే.

గడచిన ఉగాదికి ఆ వలసపోయిన కుటుంబము పండుగ చేసికొనుటకై ఊరికి వచ్చినది. పెద్దకూతురు మా యింటికి వచ్చెను. బెంగుళూరిలో బట్టలు కుట్టు ఫ్యాక్టరీలో పని చేయుచున్నదట. మనిషి యెత్తు పెరిగినది, మాట తగ్గినది. పంచలోని సైకిలు చూచి బెల్లు మ్రోగించి, "బాగా పెట్టినారమ్మా" అనెను. మేము దానిపై నెక్కిన కొండలను, తిరిగిన యూళ్ళను చెప్పితిమి. అన్నియు వినెను. తుదకు, "మా చెల్లెలు ఇంక అవ్వ దగ్గరే ఉంటాది. ఈ యేడు తొమ్మిది. దానికి ఇద్దురా?" అని యడిగెను. ఆమె సైకిలును ఆమె యడుగుటకు అంత మొగమాటమేల? తాను మరల బడికి పోవుట మాట ఆమె యెత్తలేదు; మేమెత్తితిమి. సార్వత్రిక విద్యాపీఠము ద్వారా ఇంటియొద్దనుండి పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చునని మా యింటివారు చెప్పగా కాగితములు తీసికొని పోయెను. ఏమి చేయునో చూడవలయును.

వేసవి సెలవులు ముగిసి బడి తెరచిన నాటినుండి ఆ సైకిలుపై చెల్లెలు పోవుచున్నది. మొదటి వారము మేమును తోడుపోతిమి, మా యింటివారి పాత సైకిలు తొక్కుకొని. వంక దగ్గర మేకల ముసలివాడు లేచి నిలిచి, "ఇంగొగ పాపనా?" యని యడిగి ఆమె పేరు కనుగొనెను. సోదరీమణులారా, మీ మీ యూళ్ళ చుట్టును ఇట్టి బాటలు లేకపోవు. ఒక ఆదివారము తెల్లవారుజామున బయలుదేరుడు. చూడదగినదేమున్నదో బాటయే చూపును. మీ వెనుక రాదగినవారెవ్వరో కొన్ని దినములకు మీకే తెలియును.